మాటల పెట్టె

మా ఇంట్లో టీవీ ఎంత గట్టిగా మోగేదంటే, వీధి మలుపులో ఉన్నవాళ్ళు కూడా వార్తల కోసం వేరే పేపరు కొనుక్కోనక్కరలేదు. ఇరుగుపొరుగువారు మర్యాదస్తులు గనుక మా మొహాన ఏమీ అనేవారు కారు. అయితే ఒకనాడు పక్కింటావిడ మా ఆవిడను గేటు దగ్గర నిలబెట్టి, "వదినగారూ, నిన్న రాత్రి సీరియల్లో ఆ కోడలు పుట్టింటికి వెళ్ళిందా, లేదా? సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మీరు టీవీ కట్టేశారు!" అని అడిగిందట. మా ఆవిడ లోపలికి వచ్చి ఆ మాట చెబితే నవ్వాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు.

ఈ మోతంతా మా నాన్నగారి కోసం. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. చూపు బాగానే ఉంది. జ్ఞాపకశక్తి నాకంటె నయం. చెవులే కాస్త కాస్తగా మొరాయిస్తూ వచ్చాయి.

"మామయ్యగారూ, పాలు తాగుతారా?" అని మా ఆవిడ అడిగితే, "లేదమ్మా, ఇవాళ కాలు లాగడం లేదు" అనేవారు. మొదట్లో అందరం నవ్వేవాళ్ళం. ఆయనా మాతో కలిసి నవ్వేవారు. పోను పోను ఆయన నవ్వడం మానేశారు. ఒకే మాట మూడుసార్లు చెప్పించుకోవడం ఇష్టం లేక, విన్నట్టే తల ఊపి ఊరుకునేవారు. భోజనం కాగానే వెనక గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకునేవారు. చెవుడు మనిషిని చీకట్లో కూర్చోబెట్టదు గాని, నలుగురి మధ్యా ఒంటరిగా కూర్చోబెడుతుంది.

చెవి డాక్టరుకు చూపించాం. ఆయన పరీక్ష చేసి, గీతలు గీసిన కాగితం ఒకటీ, చెవిలో పెట్టుకునే మిషను ఒకటీ ఇచ్చారు. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఆ మిషను బాగానే పనికివచ్చింది. టీవీ ముందు మాత్రం, "ఫాను చప్పుడూ, గిన్నెల చప్పుడూ అన్నీ కలిపి చెవిలో పోస్తోందిరా" అని నాన్నగారు దాన్ని తీసి డబ్బాలో పెట్టేవారు. కాగితాన్ని నేను బీరువాలో పెట్టాను. దాన్ని అప్పుడే సరిగా చూసి ఉంటే నాకు రెండు నెలల శ్రమా, ఒక పెద్ద స్పీకరు ఖర్చూ మిగిలి ఉండేవి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నా బాధకు ఇంకొక కారణం కూడా ఉంది. 1971 డిసెంబరులో యుద్ధం జరుగుతున్నప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మా వీధికంతటికీ రేడియో మా ఇంట్లోనే ఉండేది. వాల్వుల రేడియో. మీట తిప్పాక వాల్వులు వేడెక్కి అది గొంతు విప్పడానికి అరనిముషం పట్టేది. రేడియో ఉన్నవాళ్ళు ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టవలసిన కాలమది. నాన్నగారు పెరట్లో రెండు వెదురు గడలు పాతి వాటి మధ్య ఏరియల్ తీగె కట్టారు. లోపలి రేడియో నుంచి వైరు లాగి, వీధి అరుగు మీద ఇంకొక స్పీకరు పెట్టారు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చే వేళకు అరుగు నిండిపోయి, జనం వీధిలో నిలబడేవారు. రేడియో చెడిపోతే ఆయనే వెనక అట్ట విప్పి చూసుకునేవారు. టార్చిలైటు పట్టుకోవడం నా ఉద్యోగం. సోల్డరు వేయడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

వీధికంతటికీ వార్తలు వినిపించిన మనిషి, సొంత ఇంట్లో వార్తలు వినలేక వెనక గదిలో కూర్చోవడం నేను చూడలేకపోయాను. ఆయన కుర్చీ పక్కనే, చెయ్యి అందేచోట, ఆయన కోసమే ఒక స్పీకరు చేసి పెడదామని నిశ్చయించుకున్నాను.

దూరంతో వచ్చిన చిక్కు

శబ్దం దూరం వెళ్ళేకొద్దీ పలచబడిపోతుంది. దూరం రెట్టింపయితే దాని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. మా టీవీకీ నాన్నగారి పడకకుర్చీకీ మధ్య నాలుగు మీటర్లు ఉంటుంది. అదే శబ్దం మీటరు దూరం నుంచి వస్తే, పదహారు రెట్లు శక్తి పెంచినట్టే అన్నమాట. గదిలో గోడల ప్రతిధ్వనులు కూడా కలుస్తాయి గనుక లెక్క అంత ఖచ్చితంగా కుదరదు. కాని దగ్గర నుంచి వచ్చే మాట ఆ ప్రతిధ్వనుల్లో కలిసి అలుక్కుపోకుండా నేరుగా చెవికి చేరుతుంది. అది ఇంకొక లాభం.

వాట్ల విషయంలో మనకు పెద్ద భ్రమ ఉంటుంది. బజారులో వందల వాట్ల లెక్కలు చెబుతారు. మామూలు స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే, మీటరు దూరంలో దాదాపు 85 నుంచి 90 డెసిబెల్ల శబ్దం వస్తుంది. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటే అది 60 డెసిబెల్ల ప్రాంతంలో ఉంటుంది. అంచేత పక్కన కూర్చున్న ఒక్క మనిషికి ఆరు వాట్లు చాలు, ఇంకా మిగులుతుంది. పైగా చెవి లెక్క వేరు. వాట్లు రెట్టింపు చేస్తే మోత రెట్టింపు కాదు. రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి.

టీవీ నుంచి, రేడియో నుంచి వచ్చే సంకేతానికి స్పీకరు అట్టను కదిలించేంత బలం ఉండదు. దానికి బలం ఇచ్చేది ఆంప్లిఫయరు. ఆ ఆంప్లిఫయరును టీవీ దగ్గర పెడితే నాబు కూడా అక్కడే ఉంటుంది. ప్రతిసారీ నాన్నగారు ఎవరినో పిలిచి పెంచమనాలి, తగ్గించమనాలి. స్పీకరు పెట్టెలోనే ఆంప్లిఫయరు ఉంటే నాబు ఆయన చేతికిందే ఉంటుంది. గదికి అడ్డంగా సన్నటి వైరు ఒక్కటి నడిస్తే చాలు.

ఇదేమీ కొత్త ఊహ కాదు. ఇవాళ మనం వాడే స్పీకర్ల తీరును అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు రైస్, కెలాగ్ అనే ఇద్దరు 1925లో ప్రకటించారు. అయస్కాంతం సందులో తీగెచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు గరాటు. చుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే గరాటు ముందుకూ వెనక్కూ కదిలి గాలిని కదిలిస్తుంది. ఆ పద్ధతిలో తయారై ఆ రోజుల్లో బజారుకు వచ్చిన 'రేడియోలా 104' అనే స్పీకరు పెట్టెలోనే ఆంప్లిఫయరు కూడా ఉండేది. అంటే ఈ జాతి స్పీకరు పుట్టడమే ఆంప్లిఫయరును కడుపులో పెట్టుకుని పుట్టిందన్నమాట.

సామాను

హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ అని ఉంది. ఎలక్ట్రానిక్ సామానుకు అది పెట్టింది పేరు. ఒక ఉదయం చీటీ రాసుకుని వెళ్ళాను.

ఆంప్లిఫయరుకు నేను ఎంచుకున్నది టి.డి.ఎ. 2030 అనే ఐసీ. అయిదు కాళ్ళు, గోరంత నల్లటి ఒళ్ళు, వెనక ఒక లోహపు రేకు. చూడడానికి ఇంతే గాని, నాన్నగారి రేడియోలో అరచేతి పొడుగు వాల్వు చేసే పని ఇది చేస్తుంది. ఒకటో కాలు సంకేతం లోపలికి వచ్చేది. రెండోది, బయటికి పోయిన దాంట్లో కొంత తిరిగి వచ్చేది. మూడు రుణ విద్యుత్తు, నాలుగు స్పీకరుకు, అయిదు ధన విద్యుత్తు. నాలుగు నుంచి రెండుకు 22 కిలో ఓముల రెసిస్టెన్సు, రెండు నుంచి 680 ఓములూ, దానికి వరసలో 22 మైక్రోఫారడ్ల కెపాసిటరూ నేలకు. ఈ రెండు రెసిస్టెన్సుల నిష్పత్తే సంకేతం ఎన్ని రెట్లు పెరగాలో నిర్ణయిస్తుంది. ఇక్కడ సుమారు 33 రెట్లు. స్పీకరు దగ్గర ఒక ఓము రెసిస్టెన్సూ, 0.22 మైక్రోఫారడ్ల కెపాసిటరూ వరసగా కలిపి నేలకు వేయాలి. "ఈ రెండూ దేనికి, దండగ" అని వదిలేస్తే ఐసీ మన చెవికి అందని స్థాయిలో తనలో తాను ఊళపెట్టి ఊరకే వేడెక్కుతుంది.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక జాగ్రత్త. షాపతను 12-0-12 వోల్టులది తీసి ఇవ్వబోయాడు. ఆ 12 అనేది సగటు లెక్క. డయోడ్లు దాటి కెపాసిటర్లలో నిండేసరికి అది 1.4 రెట్లయి 17 దాకా పోతుంది. ఇంటి కరెంటు 230 దాటి పెరిగిన వేళ, స్పీకరు ఊరికే ఉన్న వేళ, ఇంకా పైకి పోతుంది. ఈ ఐసీ ఓర్చుకోగల హద్దు ఇటు 18, అటు 18 మాత్రమే. కట్టమీద నడవడమెందుకని 9-0-9 వోల్టులు, 2 ఆంపియర్లది తీసుకున్నాను. దానితో ఇటూ అటూ 12 వోల్టులు వస్తాయి. 8 ఓముల స్పీకరుకు ఆరు వాట్లు అందుతాయి. 3 ఆంపియర్ల డయోడ్లు నాలుగు, 4700 మైక్రోఫారడ్ల 25 వోల్టుల కెపాసిటర్లు రెండు, ఫ్యూజు, మూడు పిన్నుల ప్లగ్గు, వాల్యూం నాబుకు 10 కిలో ఓముల కంట్రోలు తీసుకున్నాను.

చివరకు స్పీకరు. ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. అయిదంగుళాలది చాలునని చీటీలో రాసుకున్నాను. షాపతను ఎనిమిదంగుళాలది బల్లమీద పెట్టి ఒక పాట వేశాడు. మృదంగం గుండెల మీద వాయించినట్టుంది. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, పెద్దదే తెచ్చుకున్నాను.

పెట్టె, సీరీస్ బల్బు

స్పీకరుకు పెట్టె అందం కోసం కాదు. గరాటు ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటే వెనకున్న గాలి పలచబడుతుంది. పెట్టె లేకపోతే ఆ రెండూ అంచుల మీదుగా కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వెనక గాలిని బంధించడానికే పెట్టె. వడ్రంగి చేత 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించి, లోపల 24, 40, 28 సెంటీమీటర్ల కొలతలతో, అంటే 27 లీటర్ల చోటుతో బిగించాను. లోపలి గోడలకు బూరుగుదూది పలచగా అంటించాను. పాత దిండు ఒకటి మాయమైనట్టు మా ఆవిడ వారం తర్వాత గాని కనిపెట్టలేదు.

ఐసీ వేడెక్కుతుంది గనుక దాన్ని అల్యూమినియం పలకకు బిగించి, ఆ పలకను పెట్టె వెనక బయటికి వచ్చేలా అమర్చాలి. మొదట నేను లోపలే పెట్టాను. ఆ వేడి మూసిన పెట్టెలోంచి బయటికి పోయే దారి ఉండదు. తర్వాత ప్రయత్నించినప్పుడు అరగంట పాడి హఠాత్తుగా మూగబోయింది. కాసేపటికి దానంతటదే మళ్ళీ పాడింది. అతివేడి అయితే తనను తాను ఆపుకునే ఏర్పాటు ఈ ఐసీలోనే ఉంది. అది నన్ను కాపాడింది.

వైర్లన్నీ అయ్యాక ప్లగ్గు పెట్టబోతుంటే వెనకనుంచి నాన్నగారి గొంతు వినిపించింది.

"ఒరేయ్, సీరీస్ బల్బు పెట్టావా?"

ఆయన ఎప్పుడు వచ్చి నిలబడ్డారో నాకు తెలియదు. వెనక గది నుంచి పిలవకుండా వచ్చి చాలా రోజులయింది.

పూర్వం రేడియో బాగుచేసేవాళ్ళందరూ పాటించిన పద్ధతి అది. కొత్తగా కట్టిన దేన్నయినా తిన్నగా కరెంటుకు కలపకూడదు. మధ్యలో ఒక 60 వాట్ల బల్బు వరసలో పెట్టాలి. ఇది తీగె కాలి వెలిగే పాతరకం బల్బే కావాలి, ఎల్.ఇ.డి. పనికిరాదు. లోపల అంతా సవ్యంగా ఉంటే బల్బు ఒక్కసారి మిణుక్కుమని మందగిస్తుంది. ఎక్కడయినా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. కరెంటు దెబ్బ బల్బు తింటుంది, మన సామాను దక్కుతుంది.

బల్బు పెట్టి స్విచ్చి వేశాను. పెళ్ళిపందిట్లో దీపంలా నిండుగా వెలిగింది.

"ఆపు, ఆపు" అన్నారు నాన్నగారు. కళ్ళజోడు తెప్పించుకుని, వంగి, అరగంట చూశారు. చివరకు ఆ ఐసీ వెనకనున్న లోహపు రేకు మీద వేలు పెట్టి, "ఇది లోపల దేనికి కలిసి ఉంది?" అని అడిగారు. నేను నాలిక కరచుకున్నాను. ఆ రేకు లోపల మూడో కాలికి, అంటే రుణ విద్యుత్తుకు కలిసి ఉంటుంది. నేను దాన్ని నేరుగా పలకకు బిగించాను. పలక ఎర్తుకు కలిసింది. షార్టు కాక ఏమవుతుంది? మధ్యలో అభ్రకపు రేకు వేయాలి. స్క్రూకు ప్లాస్టిక్ తొడుగు వేయాలి. మన గూడూరు గనులకు పేరు తెచ్చిన ఆ అభ్రకమే. వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. ఆ చిన్న రేకు కవరులోనే ఉండిపోయింది.

అది వేసి మళ్ళీ స్విచ్చి వేశాను. బల్బు మిణుక్కుమని మందగించింది. నాన్నగారు, "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" 1971 తర్వాత నేను మళ్ళీ వినలేదు.

తుమ్మెద

పెట్టె హాల్లోకి వచ్చింది. ఇంకా టీవీ వైరు కలపలేదు. ప్లగ్గు పెట్టగానే సన్నగా "మ్మ్మ్" అని ఒక నాదం. మా ఆవిడ పెళ్ళికి ముందు సంగీతం నేర్చుకుంది. అయిదు శ్రుతిలో పాడుతుంది. వంటింట్లోంచే, "ఏమండీ, మీ పెట్టె నా శ్రుతి పట్టింది. కింది స్థాయి షడ్జం. ఒక్క వెంట్రుక వాసి ఎక్కువ" అన్నది.

నేను తెల్లబోయాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. నాలుగు డయోడ్లు దాటేసరికి ఆ ఊపు 100 అవుతుంది. అయిదు శ్రుతి షడ్జం 196. దాని కింది స్థాయి 98. వందకూ 98కీ తేడా ఒక వెంట్రుకే!

ఈ లెక్క వల్ల రోగం ఎక్కడుందో తెలిసిపోయింది. నాదం 100 అయితే తప్పు విద్యుత్తు సరఫరా వైపు ఉంది. దానికి ఇంకొక స్థాయి కింద, 50 అయితే, సంకేతపు వైరు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరనుంచో, గోడ కరెంటు నుంచో ఊపు పట్టుకుంటోందన్నమాట. చూస్తే, నేను సంకేతపు నేలవైరును డయోడ్లకూ కెపాసిటర్లకూ మధ్య, దారిలో ఎక్కడో కలిపాను. కెపాసిటర్లు నిండేటప్పుడు పోయే పెద్ద కరెంటు ఆ వైరులోంచే పోతోంది. నేలవైర్లన్నీ తెచ్చి రెండు కెపాసిటర్లూ కలిసే ఒక్కచోట కట్టాను. నూటి నాదం పోయింది. చెవి ఆనిస్తే దానికింద యాభై ఇంకా కాస్త మిగిలింది. ట్రాన్స్‌ఫార్మరును నాబుకు దూరంగా పెట్టెలో ఆ మూలకు జరిపి, దాని వైర్లు మెలిపెట్టి, లోపలికి వచ్చే సంకేతానికి అల్లిక తొడుగున్న వైరు వేసేసరికి అదీ పోయింది.

టీవీ వైరు కలిపాక మళ్ళీ కొంత మూలిగింది. రెండు పరికరాలు రెండు వేరు వేరు చోట్ల ఎర్తయితే ఇలా జరుగుతుంది. "ఎర్తు పిన్ను పీకెయ్యండి, మోత పోతుంది" అని తెలిసినవాళ్ళు సలహా చెప్పారు. పోతుంది, నిజమే. ఏదో ఒకనాడు లోపల తీగె ఊడి లోహపు పలకను తాకితే దానితోపాటు మనిషీ పోతాడు. పాఠకులకు నా మనవి, ఆ పని ఎన్నడూ చేయకండి. రెండు ప్లగ్గులూ ఒకే బోర్డుకు పెట్టాను, మూలుగు ఆగింది.

ఇంతకూ నేను చెప్పదలచింది వేరు. ఆ మొదటిరోజు మా ఆవిడ శ్రుతి మాట అంటున్నప్పుడే నాన్నగారు పడకకుర్చీలోంచి, "ఒరేయ్, తుమ్మెద ఏదో దూరినట్టుంది చూడు" అన్నారు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

బీరువాలో కాగితం

అంతా సరయిందనుకుని ఒక సాయంత్రం వార్తలు పెట్టాను. గది దద్దరిల్లింది. చదివే ఆయన గొంతు మేఘగర్జనలా ఉంది. నాన్నగారు ఓపికగా పదినిముషాలు విన్నారు. తర్వాత నా భుజం తట్టి, "మేళం బాగుందిరా. మాట తెలియడం లేదు" అని లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయారు. నన్ను నొప్పించకూడదని నవ్వుతూ అన్నారు. అదే నాకు ఎక్కువ నొప్పి.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మాకే సరిగా వినిపించని తుమ్మెద నాదం ఆయనకు వినిపించింది. గది అదిరిపోయే మాట మాత్రం అందలేదు. ఇదెలా? అప్పుడు లేచి బీరువాలోంచి డాక్టరు ఇచ్చిన కాగితం తీశాను.

ఆ కాగితం మీద ఎడమనుంచి కుడికి స్వరాలు, 250 నుంచి 8,000 దాకా. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తక్కువ. నాన్నగారి గీత 250, 500 దగ్గర మనందరి గీతలాగే ఉంది. 2,000 దాటాక కొండ దిగినట్టు దిగిపోయింది. వయసు వల్ల వచ్చే చెవుడు సాధారణంగా ఇలాగే వస్తుంది. బొంగురు ధ్వనులు నిలుస్తాయి, సన్నటి ధ్వనులు పోతాయి.

ఇప్పుడు మన భాష సంగతి చూడండి. అచ్చుల బలం ఎక్కువ భాగం 1,000 లోపున ఉంటుంది. హల్లులను ఒకదానినుంచి ఒకటి విడదీసే గుర్తులు దానిపైన ఉంటాయి. స లాంటివాటి బుసబుస ఎక్కువగా 4,000 పైనే. అంచేత నాన్నగారికి "పాలు"లో "ఆ", "ఉ" వినిపిస్తాయి. ముందున్నది పకారమో కకారమో తెలియదు. అది పాలూ కావచ్చు, కాలూ కావచ్చు. మనం గట్టిగా అరిచినకొద్దీ అచ్చులే పెరిగి హల్లులను మింగేస్తాయి. నేను రెండు నెలలు కష్టపడి ఆయనకు వినిపిస్తున్న భాగాన్నే ఇంకా పెంచి, వినిపించని భాగాన్ని దాని కింద పాతిపెట్టాను.

మర్నాడే పెట్టె ముందు పలక విప్పేశాను. కొత్త పలక కోయించి, ఎనిమిదంగుళాల స్పీకరు స్థానంలో అయిదంగుళాలది బిగించాను. దాని పైన సన్నటి ధ్వనుల కోసం చిన్న ట్వీటరు పెట్టి, దానికి వరసలో 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటరు వేశాను. సుమారు 4,000 పైవి మాత్రమే దానిలోకి పోతాయి. ఐసీ మొదటి కాలి దగ్గర ఉన్న ఒక మైక్రోఫారడు కెపాసిటరు తీసి, 0.047ది పెట్టాను. ఆ చిన్న మార్పుతో 150 కిందనున్న గుమగుమ అంతా తగ్గిపోయింది. మాట అర్థం కావడానికి ఆ భాగం అవసరం లేదు. పాతకాలం నుంచి టెలిఫోనులో 300 నుంచి 3,400 దాకా మాత్రమే పంపేవారు. అయినా కోట్లమంది దానిమీదే పెళ్ళి సంబంధాలు మాట్లాడుకున్నారు గదా!

సంకేతం టీవీ నుంచి కాక, సెట్‌టాప్ బాక్సు వెనకనున్న ఎరుపు, తెలుపు రంధ్రాల నుంచి తీశాను. అలా అయితే టీవీ స్పీకరు మిగతావాళ్ళకు మామూలుగా పలుకుతుంది, నాన్నగారి పెట్టె వేరుగా పలుకుతుంది. ఆ రెంటినీ తిన్నగా ముడివేయకూడదు. చెరొక 4.7 కిలో ఓముల రెసిస్టెన్సు ద్వారా కలపాలి. ట్వీటరు సరిగ్గా ఆయన చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టెను ముక్కాలిపీట మీద పెట్టాను. సన్నటి ధ్వనులు టార్చి వెలుగులా తిన్నగా పోతాయి, మూల తిరగవు.

మా ఆవిడ విని, "రేకు డబ్బాలో మాట్లాడినట్టుందండీ" అన్నది. నిజమే. మన చెవులకు అలాగే ఉంటుంది. ఆ పెట్టె మన చెవుల కోసం చేసింది కాదు.

చేయబోయేవారికి

మీ ఇంట్లో కూడా ఇలాంటి పెద్దలు ఉంటే, ముందు చెవి డాక్టరుకు చూపించండి. ఆ గీతల కాగితాన్ని నాలాగా బీరువాలో పెట్టకండి. ఈ పెట్టె చెవి మిషనుకు బదులు కాదు. మనుషులతో మాట్లాడడానికి మిషనే కావాలి, మా నాన్నగారు దాన్నీ పెట్టుకుంటున్నారు. 230 వోల్టులు ఉండే ప్రతి ముడినీ తొడుగులో మూయండి. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది, తొందరపడి చెయ్యి పెట్టకండి. సోల్డరు వేయడం రానివారు బజారులో దొరికే చిన్న స్పీకరునే తెచ్చి కుర్చీ పక్కన, చెవి ఎత్తున పెట్టి, బేస్ తగ్గించి చూడండి. సగం పని అక్కడే అవుతుంది.

టీవీ మోత తగ్గిన వారానికి పక్కింటావిడ మళ్ళీ గేటు దగ్గరికి వచ్చింది. "వదినగారూ, మీ టీవీ పాడయిందా ఏమిటి? బాగుచేయించరూ" అని అడిగి వెళ్ళింది.

పలక మార్చిన మొదటి సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. వార్తలు మొదలయ్యాయి. నాన్నగారు ముందుకు వంగి నాబు తనే తిప్పుకున్నారు. పెంచుతారనుకున్నాను, కొంచెం తగ్గించారు. మేమెవ్వరం ఊపిరి తీయలేదు. రెండు నిముషాలు గడిచాయి. ఉన్నట్టుండి ఆయన మొహం చిట్లించి, పూర్వం క్లాసులో తప్పు చదివిన కుర్రవాడి మీద అరిచినట్టే అరిచారు:

"ఛీ ఛీ! 'శాసనసభ'ను 'సాసనసభ' అంటున్నాడ్రా వీడు! ఎవర్రా వీడికి తెలుగు చెప్పింది?"

మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, "మామయ్యగారూ, పాలు తాగుతారా?" అని అక్కడనుంచే అడిగింది.

ఆయన వినిపించుకోలేదు. ఈసారి చెవుల వల్ల కాదు, వార్తల వల్ల.